నూకాలు తట్ట

మన తాతల తాతలు ఇంకా భూమ్మీద పడకముందు, సముద్రం ఒడ్డున, ఉప్పుమళ్ళ పక్కన ఒక పేట ఉండేది. ఆ పేటకు మంత్రసాని నూకాలు. నా అన్నవాళ్ళు లేని ముసలిది.

ఆ పేటలో బిడ్డలు నెలలు నిండకుండానే పుట్టేవాళ్ళు. పిడికెడంత ఉండేవాళ్ళు. ఏడవడానికి కూడా ఊపిరి చాలేది కాదు.

ఒక ఏడు అప్పయమ్మ కూతురు పుట్టిన రోజే ఒళ్ళు నీలం తిరిగి పోయింది. అమ్మవారి కోపం అన్నారు. తర్వాత పైడమ్మ కొడుకు, పాలు పీల్చే సత్తువ లేక, పచ్చబడిపోయి మూడో రోజున పోయాడు. దిష్టి అన్నారు. మూడోసారి బిడ్డతోపాటు తల్లి గంగులు కూడా పోయింది. ఈసారి నూకాలు చెయ్యి మంచిది కాదన్నారు.

నూకాలు ముగ్గురు తల్లుల్నీ తలుచుకుంది. ముగ్గురికీ కాళ్ళు వాచాయి. ముగ్గురి గోళ్ళూ పాలిపోయాయి. ముగ్గురూ గంజి తాగి, నొప్పులొచ్చిన రోజు దాకా ఉప్పు తట్టలు మోశారు.

ఆమె ఉప్పుమళ్ళ ఆసామి దగ్గరికెళ్ళి, ఆరో నెల పడినవాళ్ళ చేత తట్ట మోయించొద్దని అడిగింది. ఆయన నవ్వాడు. మళ్ళీ వెళ్ళింది. ఆయన తలెత్తి చూడలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు, మొయ్యనివాళ్ళకు కూలి గింజలు కొలవనన్నాడు.

"సన్నెమ్మకు ఆరో నెల పడింది. దాని తట్ట నేను మోస్తాను బాబూ. గింజలు మాత్రం సన్నెమ్మకే కొలవండి" అంది నూకాలు.

ముసలిది మూడు రోజుల్లో కూలబడుతుందిలే అని ఆయన సరేనన్నాడు.

మూడు రోజులు మోసింది. మూడు వారాలు మోసింది. మూడు నెలలు మోసింది. ఉప్పు పెళ్ళలకు పాదాలు కోసుకుపోయాయి. కోసిన చోట మళ్ళీ ఉప్పే. పని దిగాక మునగాకు దూసుకొచ్చి వండేది. చేపముక్క దొరికితే సన్నెమ్మకే పెట్టేది.

"నువ్వలా మోస్తంటే నాకు ముద్ద దిగట్లేదత్తా" అంది సన్నెమ్మ.

"దిగకపోయినా మింగు. అది నీ ఒక్కదాని ముద్ద కాదు."

తొమ్మిదో నెల పడీపడగానే సన్నెమ్మ కన్నది. బిడ్డ చిన్నదే. కానీ ఏడ్చింది. నూకాలు ఆ బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టి పాతకోక చుట్టింది. వెచ్చదనం తగ్గనివ్వొద్దని చెప్పింది. బిడ్డ బతికింది.

నూకాలు బతకలేదు. పాదాల పుళ్ళు చీముపట్టి, జ్వరమెక్కి, సన్నెమ్మ పురుడు తీరకముందే పోయింది. ఆ నెలలోనే కన్నమ్మకు ఏడో నెలలో కొడుకు పుట్టి, పొద్దుగూకకముందే పోయాడు. కన్నమ్మ తట్ట ఎవరూ మొయ్యలేదు మరి.

బిడ్డను పూడ్చి వచ్చిన ఆడవాళ్ళు మర్నాడు మళ్ళలోకి వెళ్ళి నిలబడ్డారు. కడుపుతో ఉన్నవాళ్ళ తట్టలు తలా ఒకటి ఎత్తారు. ఆసామి ఎంత అరిచినా దించలేదు.

నూకాలును పాతిపెట్టిన చోటు ఈనాడు ఎవరికీ తెలియదు. అయినా ఆ తీరంలో, కడుపుతో ఉన్న మనిషి బరువెత్తబోతే పక్కనున్నామె వచ్చి అందుకుంటుంది. ఎందుకమ్మా నీకీ శ్రమ అంటే ఒకటే మాట చెబుతుంది:

"ఇది నూకాలు తట్ట. నువ్వెళ్ళి తిను."