గంధం గిన్నె, గ్లాసుడు చాయ్

ఆ దుప్పటి కాస్త దించి విను తల్లీ. ఇందులో ఒక్క మాట అబద్ధమున్నా నాకు మిగిలిన రెండు పళ్ళూ ఈ సాయంత్రానికే ఊడిపోవాలి.

గుట్ట మీద దర్గాలో గులాబ్ షా బాబా దగ్గర మౌలాలి అని ఒక శిష్యుడుండేవాడు. ముప్పై ఏళ్ళవాడు, తాటిచెట్టంత మనిషి. ఉరుసుకి గంధం అరగదీసే పని అతనిది. సాన మీద చెక్క పెట్టాడంటే ఆ వాసనకి మూడు జిల్లాల తేనెటీగలు దారి తప్పి వచ్చేవి. గుట్ట కింద ఊరంతా పట్టపగలు కళ్ళు తెరుచుకునే కలలు కనేది.

ఆ గంధం ఎవరు తీస్తే వాళ్ళే గిన్నెకెత్తి నెత్తిన పెట్టుకుని, గుట్ట దిగి బజారు గుండా తిరిగి మళ్ళీ గుట్టెక్కాలి. చేతులు మారకూడదు. అది అక్కడి ఆచారం.

ఒక ఏడు సరిగ్గా బజారు మధ్యలో మౌలాలి గుండె దడదడలాడింది. ఆ చప్పుడుకి గుమ్మటం మీది పావురాలు లేచి సముద్రం దాకా పోయాయి. ఊపిరాడలేదు. వేళ్ళు తిమ్మిరెక్కాయి. చచ్చిపోతున్నాననుకుని, గిన్నె పక్కవాడి చేతిలో పెట్టి పరుగు లంకించుకున్నాడు.

ఆనాటి నుంచి బజారు పేరు వింటేనే దడ. గుట్ట దిగడమే మానేశాడు. మళ్ళీ ఉరుసు నెల్లాళ్ళలోకి వచ్చింది.

"బాబా, ఈసారీ మోయలేకపోతే మీ మొహం చూడలేను, ఎటైనా వెళ్ళిపోతాను. ఈ భయం రాకుండా తాయెత్తు కట్టండి."

బాబా తాయెత్తు కట్టలేదు. బజారు కనబడకుండా అతని నెత్తిన దుప్పటి కప్పి, ఆటోలో కూర్చోబెట్టి పట్నం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆవిడ అన్ని పరీక్షలూ చేసి, "గుండె గుర్రంలా ఉంది. ఇది ఆందోళన జబ్బు, తగ్గుతుంది. రోజూ ఈ మాత్ర వేసుకో. రెండో మందు పారిపోకుండా ఉండటం. అది ఏ మందుల షాపులోనూ దొరకదు, కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవాలి" అంది.

మర్నాడు పొద్దున్నే బాబా అడిగాడు. "మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా బాబా."

"అయితే రా."

దర్గా గేటు దాకా వెళ్ళేసరికి దడ మొదలైంది. మౌలాలి వెనక్కి తిరిగాడు. బాబా అతని చేతిలో చాయ్ గ్లాసు పెట్టాడు. బాబా కాచిన చాయ్ ఈ ఉరుసుకి దింపితే వచ్చే ఉరుసుకి గానీ చల్లారదని పేరు.

"ఇది తాగేంతగా చల్లారేదాకా ఇక్కడే కూర్చో. తర్వాత పారిపో. నేనే చెప్పులందిస్తా."

కూర్చున్నాడు. గ్లాసులోంచి ఆవిరి లేచింది. దాంతో పాటే భయమూ లేచి, మబ్బుల్ని ముట్టుకుంది. ఇక అయిపోయాననుకున్నాడు. అయిపోలేదు. ఆవిరి సన్నబడింది. దడ ఎప్పుడు దిగిపోయిందో అతనికే తెలీదు.

"చెప్పులు తేనా?"

"వద్దు బాబా. మీగడ కట్టింది, ఇంకోటి పోయండి."

తర్వాత పదో మెట్టు మీద చాయ్. నాలుగు రోజులకి సగం దారిలో. ఇంకొన్నాళ్ళకి గుట్ట కింద గాజుల కొట్టు దగ్గర. ఒకరోజు అక్కడి నుంచి ఆరేసి మెట్లు ఒక్క అంగలో దూకుతూ పైకి పారిపోయాడు. మర్నాడు అదే కొట్టు, అదే చాయ్. చివరికి బజారు మధ్యలో.

ఉరుసు వచ్చింది. పొద్దు వాలుతుంటే గిన్నె నెత్తికెత్తుకున్నాడు. సాంబ్రాణి పొగ ఎంత దట్టమంటే జనం నడవలేక ఈదుతున్నారు.

బజారు మధ్యలో మళ్ళీ అదే దడ, అదే తిమ్మిరి. బాబా కోసం చూశాడు. బాబా డప్పుల వెంట ఎక్కడో ముందున్నాడు, వెనక్కి తిరగలేదు. ఎదురుగా ఒక హోటల్లో, ఎవరిదో చాయ్ గ్లాసు పొగలు కక్కుతోంది. మౌలాలి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అది చల్లారేంతసేపు ఊరేగింపు మొత్తం అతని వెనక ఆగింది. తర్వాత కాలు కదిలింది.

గుట్టెక్కి గిన్నె దించాడు. ఒళ్ళంతా చెమట.

"బాబా, భయం పోలేదు. పైదాకా నాతోనే వచ్చింది."

బాబా వేలితో గంధం తీసి అతని గొంతుకి రాశాడు.

"రానీ. గంధం మోసిందెవరు?"

సరే, ఇక లే తల్లీ. నువ్వు గడప దాటి నెల్లాళ్ళయింది. ఇంట్లో టీపొడి నిండుకుంది. సందు చివరి కొట్టు దాకా వెళ్ళి పట్టుకురా. మధ్యలో ఆగినా పరవాలేదు. పాలు సన్నసెగ మీద పెడుతున్నా.