కుర్చీ పెట్టిన చుక్కలు

ఏడు నెలలు గీసిన ప్లాను మీద పీరా సార్ సంతకం పెట్టడం లేదు. బాగాలేదని కూడా అనడం లేదు.

సౌదామినికి అదే అర్థం కావడం లేదు. తప్పుంటే తిట్టొచ్చు కదా. కాగితం చింపి మొహాన కొట్టొచ్చు కదా. ఈ మూడేళ్ళలో ఆయన దగ్గర సున్నం నానబెట్టింది, మట్టి తొక్కింది, నాపరాళ్ళు మోసింది. తిట్లు ఆమెకు కొత్త కాదు. ఈ మౌనమే కొత్త.

ఆ యూనివర్సిటీ ఎర్రటి బీడు నేల మీద ఉంది. చుట్టూ గుట్టలు. ఏప్రిల్ వస్తే గాలి కూడా కాల్చినట్టు వస్తుంది. పాత లైబ్రరీ చాలడం లేదని దాని ముందున్న ఖాళీ స్థలంలో కొత్తది కట్టాలనుకున్నారు. పీరా సార్ ముప్పై ఏళ్ళు అక్కడే కట్టడాలు నేర్పి రిటైరయ్యారు. ఇప్పటికీ ఆయన సంతకం లేని ప్లాను కమిటీ ముందుకు పోదు. కమిటీ సోమవారం. అది దాటితే మళ్ళీ మూడు నెలలకు. అప్పటికి ఎవరి ప్లాను నిలుస్తుందో ఎవరికి తెలుసు. సౌదామినికి ఇది మొదటి కట్టడం. కలలో కూడా ఆ గుమ్మం లోంచే నడుస్తోంది.

శుక్రవారం సాయంత్రం నాలుగోసారి ఆయన ముందు కాగితం పరిచింది.

"గోడలు?" అన్నారు పీరా సార్.

"ఈ నేల మట్టే సార్. పునాదికి తవ్విన మట్టి బయటికి పోదు. కాల్చకుండా అచ్చుపోసి ఆరబెడతాం."

"బాగుంది. వాన నీళ్ళు?"

"కప్పు ఆకులా ఉంటుంది సార్. మధ్య ఈనె వెంట జారి కింద తొట్టిలోకి వస్తాయి. చుక్క కూడా పోదు."

"బాగుంది. ఈ అద్దాలేమిటి?"

సౌదామిని కళ్ళు మెరిశాయి. "చదువుకునే హాలు సార్. పడమటి గోడంతా అద్దమే. సాయంత్రం గుట్టల వెనక పొద్దు వాలుతుంటే ఆ ఎర్రటి వెలుగు పుస్తకాల మీద పడుతుంది. వేడి రాకుండా అద్దానికి పూత ఉంటుంది. ఏసీకి కరెంటు కప్పు మీది సోలార్ పలకలే ఇస్తాయి."

"బాగుంది," అన్నారాయన. కాగితాన్ని కాసేపు చూశారు. "మరి ఇందులో ఓబులేసు ఎక్కడ?"

"ఓబులేసు ఎవరు సార్?"

"పాత లైబ్రరీ వాచ్‌మన్. ఏడు నెలలుగా నీకు రోజూ తలుపు తీస్తున్నాడు."

ఆమెకు సిగ్గేసింది. ఆ మనిషి మీసం గుర్తుంది గానీ పేరెప్పుడూ అడగలేదు. గుమ్మం పక్కన ఒక చిన్న గడి మీద వేలు పెట్టి, "ఇక్కడ సార్. సెక్యూరిటీ," అంది.

పీరా సార్ కలం మూత తీయలేదు. "రేపు పొద్దున ఆరింటికి లైబ్రరీ దగ్గరికి రా. ప్లాను తేవద్దు. ముగ్గుపిండి తీసుకురా."

*

ముగ్గుపిండి తెచ్చింది. ప్లాను కూడా తెచ్చింది. అది భుజాన లేకపోతే ఆమెకు చెయ్యి లేనట్టే ఉంటుంది. పీరా సార్ దాన్ని ఒకసారి చూశారు.

పాత లైబ్రరీ గుమ్మం పడమటి వైపు. దాని నీడ ఖాళీ స్థలం మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. ఆ నీడలో ఓబులేసు పాత ఇనప కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముందర, ఇరవై అడుగుల దూరాన ఒక కానుగ చెట్టు. ప్లానులో ఆ చెట్టు లేదు. దాని బదులు యాభై మొక్కలు నాటుతామని కింద రాసింది.

పీరా సార్ ఇంకో రెండు కుర్చీలు తెప్పించి ఓబులేసు పక్కన కూర్చున్నారు. ఆమెనూ కూర్చోమన్నారు. అంతే. గంట గడిచింది.

"సార్, మనం ఏం చేస్తున్నాం?"

"డ్యూటీ," అన్నారాయన.

ఎండ నీడ అంచు తిని దగ్గరికి రాగానే ఓబులేసు లేచాడు. కుర్చీ ఎత్తి గోడ వైపు నాలుగడుగులు వేసి, చూడకుండానే కింద పెట్టాడు. నాలుగు కాళ్ళూ నేలలో దిగినట్టు కూర్చున్నాయి.

పీరా సార్ పాత చోటు చూపించారు. సౌదామిని వంగి చూసింది. నేలలో నాలుగు చిన్న గుంటలు, చిన్న నిమ్మకాయ పట్టేంత. అంచులు నున్నగా అరిగి ఉన్నాయి.

"తొమ్మిదేళ్ళమ్మా," అన్నాడు ఓబులేసు వెనకనుంచి. "ఆ కుర్చీకి దాని ఇల్లు దానికి తెలుసు."

"వాటిలో ముగ్గు వెయ్యి," అన్నారు పీరా సార్.

ఆమె వేసింది. నాలుగు తెల్లటి చుక్కలు.

"ఏం సార్, మేడమ్‌కు ముగ్గుల పోటీ పెట్టినారా?" అన్నాడు ఓబులేసు.

"అవునయ్యా. జడ్జీవి నువ్వే."

"అయితే పైసా లంచం తీసుకోను. చాయ్ ఇప్పిస్తే సూస్తా."

తొమ్మిదిన్నరకు కుర్చీ ఇంకా గోడ దగ్గరికి జరిగింది. పన్నెండుకు గోడ నీడ పూర్తిగా అయిపోయింది. ఓబులేసు కుర్చీ భుజాన వేసుకుని ఎండలో గబగబా కానుగ దాకా నడిచాడు. అక్కడా గుంటలున్నాయి. గుమ్మం తిన్నగా కనిపించేలా ఉన్నాయి. సౌదామిని ముగ్గు వేసుకుంటూ వెనకే వెళ్ళింది. చెట్టు కింద అడుగు పెట్టగానే ఒళ్ళంతా హాయనిపించింది. పైకి చూసింది. కానుగ పూలు రాలుతున్నాయి, బియ్యపు గింజల్లా. ఈ చెట్టు పూస్తుందని ఆమెకు ఇవాళే తెలిసింది.

మధ్యాహ్నం ముగ్గురూ అక్కడే తిన్నారు. ఓబులేసు టిఫినులో జొన్నరొట్టె, ఉల్లికారం. సగం తుంచి ఆమెకిచ్చాడు.

"ఇవి ఎండాకాలం గుంటలమ్మా," అన్నాడు రొట్టె నములుతూ. "చలికాలానివి వేరే ఉండాయి. అద్దో, ఆ తట్టు. అప్పుడు ఎండ కావాల గదా మనకు."

"వానాకాలం?"

"వానలో నేను గూడా గుమ్మంలోకి పోతా. అంత వాన ఈడ యాడ పడతాది లెండి."

ఆమె 'ఆ తట్టు' చూసింది. స్థలానికి పడమటి కొస. సరిగ్గా తన హాలు వచ్చే చోటు. మనసులో ఏదో పట్టుదల పుట్టింది. మూడు గంటలకు కుర్చీ ఎత్తుకుని వెళ్ళి అక్కడ వేసుకుంది. గుట్టల వైపు తిరిగి కూర్చుంది. కళ్ళు మూసుకుంటే అద్దాలు కనిపించాయి. ఎర్రటి వెలుగు కనిపించింది. కళ్ళు తెరిస్తే ఎండ.

"అమ్మా, ఆడ కూచోబాకండి," కేకేశాడు ఓబులేసు. "ఎండాకాలం ఆడ కుక్క గూడా పండుకోదు."

"ఇక్కడ అద్దం వస్తుంది. ఏసీ వస్తుంది," ఆమె కూడా కేకేసింది.

"ఏసీకి కరెంటో?"

"ఎండే ఇస్తుంది. కప్పు మీద పలకలుంటాయి."

ఓబులేసు తలెత్తి సూర్యుడి వైపు చూశాడు.

"అంటే, సూర్యున్ని లోపలికి పిల్చి కూచోబెట్టి, మళ్ళా ఆయన చేతికే ఇసనకర్ర ఇచ్చి విసరమంటారు. అంతే గదమ్మా?"

పీరా సార్ నవ్వారు. పొద్దుటినుంచీ ఆయన నవ్వడం అదే మొదలు.

సౌదామిని ఇంకో పది నిమిషాలు మొండిగా కూర్చుంది. తర్వాత చెమట తుడుచుకుంటూ చెట్టు కిందికి వచ్చింది. ఓబులేసు కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాడు.

అప్పటికి కానుగ నీడ తూర్పుకు తిరిగింది. కుర్చీ కూడా దాని వెంటే తిరిగింది. ఒకసారి మాను పక్కకి. ఒకసారి కొమ్మల కొస కిందికి. ఐదింటికి నీడ పొడుగ్గా సాగి లైబ్రరీ మెట్లను తాకింది. ఓబులేసు పొద్దున గోడ వారన కూర్చున్న చోటికి కాస్త పక్కనే, మెట్ల దగ్గర, చివరిసారి కుర్చీ దించాడు.

ఏడు చోట్లు. ఇరవై ఎనిమిది చుక్కలు.

"ఇప్పుడు నీ ప్లాను అతనికి చూపించు," అన్నారు పీరా సార్.

ఆమె మెట్ల మీద కాగితం పరిచింది. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది. ఓబులేసు చేతులు ప్యాంటుకు తుడుచుకుని వంగాడు. చాలాసేపు చూశాడు.

"బో అందంగా ఉండాదమ్మా. తమలపాకు మాదిరి." తర్వాత నెమ్మదిగా అడిగాడు, "నేను యాడుంటాను?"

"ఇక్కడ. లోపలే. చల్లగా ఉంటుంది."

"లోపలా! అయితే నేను నిద్రపోతా, పుస్తకాలు ఎవురన్నా ఎత్తుకపోతారు." నవ్వి, కాగితం చుట్టూ తిరిగి అటునుంచి చూశాడు. మళ్ళీ ఇటు వచ్చాడు. ఏదో వెతుకుతున్నట్టు.

"ఏం కావాలి ఓబులేసూ?"

"ఏం లేదమ్మా. ఇందులో పొద్దు యాడ పొడుస్తాది?"

సౌదామిని వెంటనే కాగితం పైకొస మీద వేలు పెట్టింది. "ఇటు."

పెట్టాక ఆగింది. కాదు. వేలు పక్కకి జరిపింది. అదీ కాదేమో. నాలుగో నెలలో, ఆకు కొన పైకి ఉంటే కాగితం మీద ఎంతో బాగుందని బొమ్మను తిప్పేసింది. ఆ సంగతి మరిచిపోయింది. దిక్కు చూపించే బాణం కింది మూలలో ఎక్కడో ఉండాలి. వెతికింది. దోమంత ఉంది. ఒక మూల రాయి దాని మీదే ఉంది.

రాయి తీసింది. వేలు అలాగే కాగితం మీద ఉండిపోయింది.

ఓబులేసు కంగారు పడ్డాడు. "నాకు సదువు రాదు లెండి. నేనేదో అడిగినా."

పీరా సార్ కుర్చీలోంచి కదల్లేదు. పడమట పొద్దు గుట్టల మీదికి దిగుతోంది. ఆమె కలగన్న ఎర్రటి వెలుగే. అది వచ్చి కానుగ ఆకుల సందుల్లోంచి కాగితం మీద పడింది, చిన్న చిన్న ముక్కలుగా.

"ఓబులేసూ, లైబ్రరీ మిద్దె తాళం ఉందా?" అంది సౌదామిని.

మిద్దె ఎక్కి ఒక్కతే నిలబడింది. కింద ఎర్రటి నేల మీద తెల్లటి చుక్కలు కనిపించాయి. నాలుగేసి, నాలుగేసి. గోడ పక్కనుంచి చెట్టు దాకా వెళ్ళి, చెట్టు చుట్టూ తిరిగి, మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చాయి. తన ఆకు ఆ నేల మీద ఎక్కడెక్కడ పడుతుందో ఆమెకు చూడకుండానే తెలుసు. గోడ ఎన్ని చుక్కల మీదుగా పోతుందో లెక్కపెట్టింది. సగంలో ఆపేసింది.

దిగి వచ్చి ఫోను తీసింది. కమిటీ చూసే ఇంజినీరుకు.

"సోమవారానికి నాది రాదు సార్... లేదు, ఆయన కాదన్లేదు. నేనే... అవును, మూడు నెలలని తెలుసు."

 ఫోను పెట్టేసి, రాళ్ళు తీసి, కాగితాన్ని తిరగేసి పరిచింది. వెనకవైపు తెల్లగా ఉంది. ముందు ఒక మూలన పెద్ద బాణం గీసింది, అరచెయ్యంత.

"ఓబులేసన్నా, ఈ టేపు కొస పట్టుకుంటావా?"

ఓబులేసు పట్టుకున్నాడు. గోడ నుంచి మొదటి గుంటకు కొలిచింది. అక్కడినుంచి రెండో దానికి. కొలిచి వచ్చి కాగితం మీద చుక్క పెట్టింది. వెళ్ళి మళ్ళీ కొలిచింది. కానుగ దగ్గర ఆగి మాను చుట్టుకొలత కూడా తీసుకుంది. చివరికి పడమటి కొసకు నడిచి, "చలికాలానివి చూపించు," అంది. ఓబులేసు చెప్పుతో మన్ను తోసి చూపించాడు. ఎండాకాలం గుంటలంత లోతు లేవు. అవీ పెట్టింది.

గుట్టల మీద ఇంకా కాస్త వెలుతురు ఉంది. ఆమె కాగితం తెచ్చి పీరా సార్ ముందు మెట్టు మీద పెట్టింది. అందులో గోడ లేదు. కప్పు లేదు. ఆకు లేదు. చుక్కలూ, ఒక చెట్టూ, ఒక బాణమూ.

పీరా సార్ కళ్ళజోడు పెట్టుకున్నారు. కలం మూత తీశారు. కింద, కుడి మూలన, నింపాదిగా సంతకం పెట్టారు.

"సార్, ఇంకా ఏమీ గీయలేదు," అంది ఆమె.

ఆయన కలం మూసి జేబులో పెట్టుకున్నారు.

"చుక్కలు పడ్డాయి కదమ్మా," అన్నారు. "ఇంక కలుపు."