ఒక్క బొమ్మ మిగిలిన కెమెరా

కృపానందానికి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

చీరాలలో మదార్ సాహెబుగారి ఫోటో స్టూడియోలో అతను పని నేర్చుకుంటున్నాడు. అక్కడి పెద్ద కెమెరాకి వెనక తగిలించే ఫిల్ము పెట్టెలు మూడు ఉండేవి. బ్యాకులు అనేవారు వాటిని. రీలు ఒకటే. ఒక బ్యాకులో పెడితే పదహారు చిన్న బొమ్మలొస్తాయి, ఇంకోదాంట్లో పన్నెండు చదరపువి. మూడోదాంట్లో పదే వస్తాయి గాని, గోడంత పెద్దవి చేసినా చెదరవు.

కిందటి వారం ఒక పెళ్లికి మూడూ మోసుకుపోయాడు. తాళి కట్టే వేళకి పెద్ద బొమ్మయితే బాగుంటుందని బ్యాకు మార్చబోయాడు. మార్చాలంటే ముందు ఫిల్ముకి వెలుగు తగలకుండా ఒక రేకు దూర్చాలి. ఆ రేకు ఏ జేబులో ఉందో వెతుక్కునేలోగా మూడు ముళ్లూ పడిపోయాయి. పెళ్లికూతురి తండ్రి పల్లెత్తు మాట అనలేదు. సాహెబుగారూ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు వేటపాలెంలో చౌడమ్మగారిని తీయాలి. తొంభై దాటిన మనిషి, నేతవారి ఇల్లు. పుట్టి ఇన్నేళ్లయినా ఆమెకి ఒక్క ఫోటో లేదు. మనవలు బతిమాలితే, ఒక్క పూట కూర్చుంటాను, మళ్లీ అడగొద్దు అందట. ఇదీ పోగొడితే ఈ పని మానేసి ఊరెళ్లిపోవాలని కృపానందం లోలోపల ఒట్టేసుకున్నాడు.

ముందురోజు మధ్యాహ్నమంతా మూడు బ్యాకులూ బల్లమీద పెట్టుకుని, ఒకటి తీసి ఒకటి పెడుతూ కూర్చున్నాడు. ఎదురుగా పడక్కుర్చీలో సాహెబుగారు తన పాత కెమెరా ఒళ్లో పెట్టుకుని, షట్టరు సరిచూసుకుంటున్నట్టు అప్పుడప్పుడూ టిక్కుమనిపిస్తున్నారు. ఆ కెమెరా ఆయనకెలా దక్కిందో అదొక పెద్ద కథ, ఇప్పుడొద్దు. ముప్పయ్యేళ్లుగా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదన్నది మాత్రం నిజం.

"ఏది పట్టుకెళ్లమంటారు సాహెబుగారూ?" అని అడిగాడు చివరికి.

ఆయన మరోసారి టిక్కుమనిపించారు. తెల్లారి బయల్దేరబోతుంటే ఆ పాత కెమెరా తీసి అతని మెడలో వేశారు.

"రీలు లోపలే ఉంది. ఇంకేమీ మోయకు."

వేటపాలెం చేరి, చౌడమ్మగారి ఎదుట నిలబడి కెమెరా తోలుతొడుగు విప్పాక చూశాడు. అంకెల కిటికీలో పన్నెండు ఉంది. అది పన్నెండు బొమ్మల కెమెరా. మిగిలింది ఒక్కటే.

చేసేదేమీ లేక నేలమీద చతికిలబడ్డాడు. కాసేపటికి, ముందు గదిలోకంటే మగ్గం పక్కన వెలుగు మెత్తగా ఉందని తోచి, ఆమెని అక్కడికి రమ్మన్నాడు. ఆమె వచ్చి, ఊరికే కూర్చోలేక రాట్నం దగ్గరికి లాక్కుని కండెలు చుట్టడం మొదలుపెట్టింది. అతను చూస్తూ ఉన్నాడు. గంట గడిచింది.

"ఏం అబ్బాయా, బొమ్మ తీయడానికొచ్చావా, నాకు కాపలాకొచ్చావా?" అని నవ్వింది.

అప్పుడు నొక్కాడు.

సాయంత్రం సాహెబుగారే రీలు కడిగి, దీపానికి ఎత్తి పట్టుకున్నారు. చిట్టచివర చౌడమ్మగారు నవ్వుతున్నారు. ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. దానికి ముందున్న పదకొండింటిలోనూ కృపానందమే. బల్లమీద వంగి, చేతిలో ఒక్కోసారి ఒక్కో బ్యాకుతో.

అతనికి నవ్వొచ్చింది. అంతలోనే అడిగాడు.

"ఆ ఒక్కటీ చెడిపోయుంటే?"

"నేనెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకుందునురా" అన్నారు సాహెబుగారు. "వేటపాలేనికి రైలు టిక్కెట్టు కొనే ఉంచాను."

కృపానందం పాత కెమెరా మెడలోంచి తీసి, తువ్వాలుతో తుడిచి, రెండు చేతులా అందించాడు.

ఆయన అందుకుని, మూడు బ్యాకులూ మళ్లీ బల్లమీద పరిచారు.

"రేపు బడిపిల్లల ఫోటో ఉంది. ఏది కావాలి?"

కృపానందం మిగతావాటి వంక చూడకుండా చేతికి దగ్గరగా ఉన్నది తీసుకున్నాడు.