నరహరి సగం విన్న మాట

కాకినాడలో చేపల వలలు అమ్మే నరహరికి ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినే ఓపిక ఏనాడూ ఉండేది కాదు. అవతలివాళ్ళు నోరు తెరిస్తే చాలు, "అర్థమైంది, అర్థమైంది" అనేవాడు. ఆయన భార్య సువర్చల హైస్కూల్లో తెలుగు చెప్పేది. "మన భాషలో అసలు సంగతి వాక్యం చివర్లో ఉంటుందండీ. వస్తానంటారో రానంటారో అక్కడిదాకా ఆగితేనే తెలుస్తుంది" అని ఇరవై రెండేళ్ళుగా చెబుతూనే ఉంది. ఆ మాట కూడా ఆయన ఒక్కసారీ పూర్తిగా వినలేదు.

ఒక వేసవిలో అండమాన్ దీవుల రాజధాని పోర్ట్‌బ్లెయిర్ నుంచి నరహరికి కబురొచ్చింది. అక్కడి జాలర్ల సంఘానికి అరవై పడవలున్నాయి, అన్నిటికీ కొత్త వలలు కావాలట. రెండేళ్ళుగా నరహరి వ్యాపారం నీరసంగా సాగుతోంది. ఈ బేరం కుదరకపోతే వలలు అల్లేవాళ్ళలో సగంమందిని మానిపించక తప్పదు. బేరం తనదేనన్న ధీమాతో సరుకు ముందే విశాఖ రేవుకు పంపించేశాడు. "పనికి పని, షికారుకు షికారు. నువ్వూ రా" అన్నాడు భార్యతో. సువర్చల ఎన్నాళ్ళనుంచో పగడపు దిబ్బలు చూడాలనుకుంటోంది. సంతోషంగా బయల్దేరింది.

సంఘం పెద్ద కోర్లయ్య విమానాశ్రయానికి ఎదురొచ్చాడు. ఆయన తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ దీవిలో స్థిరపడ్డవాడు. కోర్లయ్య నిదానస్తుడు. ఒక మాట అన్నాక, గాలి ఎటు వీస్తోందో చూసుకునేవాడిలా కాసేపు ఆగి రెండో మాట అనేవాడు. అది చూస్తే నరహరికి ఒళ్ళు మండేది.

"రేపు ఆదివారం కదా బాబూ, సంఘం కూర్చోదు. అమ్మగారిని పక్క దీవికి తీసుకెళ్ళండి. పొద్దున్న ఆరింటి పడవ..." అని కోర్లయ్య ఆగాడు.

"ఆరింటికి. అర్థమైంది" అన్నాడు నరహరి, పెట్టెలు ఆటోలో పెట్టిస్తూ.

మర్నాడు ఆరుకు పది నిమిషాల ముందే జెట్టీకి చేరారు. పడవ లేదు. "ఆరింటి పడవ ఈ వారం నుంచి అయిదింటికే పోతోంది. మళ్ళీ రేపే" అన్నాడు టిక్కెట్లిచ్చే గుమస్తా. నరహరి ఆ గుమస్తాను, పడవను, మొత్తం ఊరిని తిట్టాడు.

"ఇక్కడ ఎవరికీ ఒక్క మాట సరిగ్గా చెప్పడం రాదు" అన్నాడు.

"ఆయన చెప్పబోయారు. మీరు చెప్పనిస్తేగా" అంది సువర్చల. ఆ రోజంతా ఇద్దరూ లాడ్జి గదిలో ఫ్యాను కింద ముఖాలు ముడుచుకుని కూర్చున్నారు.

సోమవారం సంఘం షెడ్డుకు వెళ్ళారు. కోర్లయ్య టీ తెప్పించాడు. పాత వల ఒకటి ఒళ్ళో పరుచుకుని, దారాల మధ్య సందును, అంటే దాని కన్నును, వేళ్ళతో కొలిచి చూపించాడు.

"మా అరవై పడవలకీ బాబూ, ఇదిగో, ఈ నాలుగంగుళాల కన్ను వలలు..."

"అరవైకీ నాలుగంగుళాలవే. నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి" అంటూ నరహరి లేచాడు.

"ఆయన ఇంకా ఏదో చెబుతున్నారండీ" అంది సువర్చల, చొక్కా పట్టుకుని ఆపబోతూ.

"నువ్వుండు. ఓడ సాయంత్రమే బయల్దేరుతుంది. తప్పితే మళ్ళీ నెలదాకా లేదు" అని ఆయన బయటికి నడిచాడు. విశాఖకు ఫోన్ చేసి సరుకంతా ఓడ ఎక్కించమన్నాడు.

మంగళవారం సంఘం సభ్యులందరూ కూర్చున్నారు. నరహరి ఉత్సాహంగా, "మీ నాలుగంగుళాల వలలు దారిలో ఉన్నాయి" అన్నాడు. సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కోర్లయ్య నెమ్మదిగా అన్నాడు. "నాలుగంగుళాలవి ఇక వద్దని మేం తీర్మానం చేసుకున్నాం బాబూ. వాటిలో పిల్ల చేపలు కూడా చిక్కుకుపోతున్నాయి. ఏటికేడు చేప తగ్గిపోతోంది. ఆరంగుళాలవి కావాలని నిన్న చెప్పబోయాను. మీరు లేచెళ్ళిపోయారు. పెద్ద వ్యాపారి, ముందే తెలుసుకుని ఉంటారులే అనుకున్నాను."

ఓడ అప్పటికే నడిసముద్రంలో ఉంది. లాడ్జికి వచ్చాక సువర్చలతో, "నువ్వైనా గట్టిగా చెప్పొచ్చుగా" అన్నాడు.

"ఇరవై రెండేళ్ళుగా గట్టిగానే చెబుతున్నాను. ఇక నాకూ ఓపిక లేదు. రేపు కోర్లయ్యగారి భార్యతో కలిసి పక్క దీవికి వెళ్తున్నాను. అయిదింటి పడవకి" అంది సువర్చల.

అన్నట్టే వెళ్ళింది. రెండు రోజులుండి పగడపు దిబ్బలు కళ్ళారా చూసింది. ఆ రెండు రోజులూ నరహరి రేవు ఆఫీసులో ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగాడు. వచ్చే సరుకును దింపకుండా అదే ఓడలో వెనక్కి పంపడానికి కాగితాల మీద కాగితాలు రాశాడు. అక్కడి గుమస్తాలు ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెబుతుంటే మధ్యలో లేచి రెండుసార్లు తప్పు గదికి వెళ్ళాడు. మూడోసారి మాత్రం కూర్చుని, చెప్పింది చివరిదాకా విన్నాడు. పని గంటలో అయిపోయింది. ఆయనకు సిగ్గేసింది.

తిరుగు ప్రయాణం రోజు సువర్చలను వెంటబెట్టుకుని తిన్నగా కోర్లయ్య ఇంటికి వెళ్ళాడు. "తప్పు నాదే. మీరు చెప్పండి, నేను వింటాను" అన్నాడు. కోర్లయ్య చెప్పాడు. దారం మందం, వల పొడవు, అడుగున కట్టే సీసం గుళ్ళ బరువు, ఏ నెలలో ఏ చేప వస్తుందో, అన్నీ ఆగి ఆగి చెప్పాడు. నరహరి చేతులు కట్టుకుని విన్నాడు. నాలిక చివరిదాకా వచ్చిన మాటను చాలాసార్లు మింగాడు. పక్కన సువర్చల ఆశ్చర్యంగా చూస్తోంది.

చివరికి కోర్లయ్య అన్నాడు. "నలభై పడవలకి వేరేవాళ్ళకి మాటిచ్చేశాం బాబూ. మిగతా ఇరవైకి మీరు..." అని ఆగాడు.

నరహరి కదల్లేదు.

"మీరు అల్లించి ఇవ్వండి. బాగుంటే పై ఏడు చూద్దాం."

"ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు నరహరి.

"లేదు బాబూ, అయిపోయింది" అన్నాడు కోర్లయ్య.

అరవై పడవల బేరం ఇరవైకి దిగింది. అయినా ఆ వలలన్నీ కొత్తగా అల్లాల్సినవే కాబట్టి అల్లేవాళ్ళెవరినీ మానిపించే అవసరం రాలేదు. నరహరికి తొందర పూర్తిగా పోలేదు కానీ, ఎదుటివాళ్ళు మాట ముగించేదాకా నోరు మూసుకోవడం మాత్రం అలవాటైంది.

నీతి: సగం విని పరుగెత్తినవాడు ఎంత దూరం పోతే అంత దూరం వెనక్కి నడవాలి, అందుకే ఎవరి మాటనైనా చివరిదాకా విన్నాకే అడుగు వేయాలి.