అసిరమ్మ మంచం

ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. ఆవలించేవాళ్ళు ఇప్పుడే లేచి పోండి. కథ మధ్యలో లేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అనగా అనగా, మీ తాతల తాతలు ఇంకా గోచీ పెట్టడం నేర్వని కాలంలో, ఒక నది. నదికి ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు. ఏడాదికోసారి వరద తీసి ఇసుక తేలాక, రెండూళ్ళ జట్లూ ఆ నడి ఇసుకలో చెడుగుడు ఆడేవి. ఆ ఆట కోసం జనం పెళ్ళి ముహూర్తాలు కూడా వెనక్కి జరుపుకునేవారు. అబద్ధమైతే చెవి కోసిస్తాను.

ఇవతలి ఊళ్ళో అసిరమ్మ అని ఒక మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు పుట్టలేదు. ఉప్పుతట్ట నెత్తిన పెట్టుకుని రెండూళ్ళూ తిరిగి అమ్ముకునేది. ఆమెకి నగల పిచ్చి లేదు, కోకల పిచ్చి లేదు, ఉన్నదల్లా చెడుగుడు పిచ్చి. ఆట ఉందంటే తట్ట దింపి బరి పక్కన నిలబడేది. గీత దాటి కూతకి వెళ్ళినవాడికి ఊపిరి తడబడిందా, "కూత వదలకురా!" అని అరిచేది. ఆ అరుపుకి అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయేవి. గెలిస్తే వాళ్ళ మొహాన చెమట కొంగుతో తుడిచేది. ఓడితే తిట్టేది. ఆ తిట్లు నేను చెప్పను, ఇక్కడ చిన్నపిల్లలున్నారు.

ఇలా ఉండగా అసిరమ్మకి కడుపులో గడ్డ లేచింది. మొదట తట్ట మోయలేకపోయింది. తర్వాత నడవలేకపోయింది. ఆ తర్వాత మంచం మీంచి లేవలేకపోయింది. వైద్యుడు నాడి చూసి, బయటికొచ్చి, తొలకరి దాకా ఉండదని చెప్పాడు.

ఇవతలి జట్టుకి పెద్ద తవిటయ్య. చిన్నప్పట్నించీ ఆమె తిట్లు తిని పెరిగినవాడు. ఆటగాళ్ళని వెంటేసుకుని చూడ్డానికి వెళ్ళాడు. మొదటిసారి తేనె పట్టుకెళ్ళారు. నాలిక్కి రాసుకుని చాలంది. రెండోసారి మెత్తటి బొంత పట్టుకెళ్ళారు. ఉక్కపోస్తుందని పక్కన పెట్టించింది. మూడోసారి ఉత్త చేతుల్తో వెళ్ళి, ఏం కావాలో నువ్వే చెప్పు పెద్దమ్మా అని అడిగారు.

"ఈ ఏడాది ఆట చూసి పోవాలనుందిరా," అంది అసిరమ్మ.

మంచంతో సహా మోసుకుపోతామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. నదిలోకి దిగే దారంతా రాళ్ళు, ఇక్కడ పక్క సర్దితేనే ఆమెకి ప్రాణం పోయినంత పనవుతోంది. దారిలోనే నా ఊపిరి పోతే మీరు ఆట మానుకుని నన్ను తగలెయ్యడానికి పోవాలి, వద్దంది. అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అసిరమ్మ ఏడవగా ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఆటగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేక బయటికి వచ్చేశారు.

తవిటయ్య అసిరమ్మ గుడిసె ముందే నిలబడి, ఈ ఏడాది ఆట ఇక్కడే అన్నాడు. పెద్దలు గయ్యిమన్నారు. తాతలనాటి నుంచీ ఆట నడి ఇసుకలోనే, మారిస్తే ఊరికి అరిష్టం అన్నారు. ఇసుకలోనే ఆడతాంలే తాతా అన్నాడు తవిటయ్య. తట్టలు తీసుకుని నదిలోకి దిగాడు. జట్టంతా దిగింది. అలా ఇసుక మోశారు, మోశారు, మోశారు. గుడిసె ముందు ముళ్ళకంపలు కొట్టి, ఆ ఇసుక పరిచి, బరి గీశారు.

ఆ తర్వాత అవతలి ఊరు వెళ్ళారు. అవతలి జట్టుకి పెద్ద జగ్గునాయుడు. మనిషి గాదెంత ఉంటాడు, మాట మాత్రం మెత్తన. ఆమె ఉప్పు మేమూ తిన్నాం, వస్తాం అన్నాడు.

ఆటరోజు వచ్చింది. రెండూళ్ళ జనమూ వచ్చారు. ఇద్దరు ఆడవాళ్ళు అసిరమ్మ మంచాన్ని గోడవార నుంచి మెల్లిగా బరి పక్కకి జరిపారు. ఆమె కళ్ళలో వెలుగు చూసి తవిటయ్యకి ఏనుగెక్కినంత సంబరమైంది.

ఇక్కడే తప్పు జరిగింది. వినండి. జగ్గునాయుడు నది దాటుతూ తన జట్టుతో, పాపం ముసలిది, వాళ్ళ జట్టు గెలవగా చూసి కళ్ళు మూసుకోనీ, ఈసారికి మనం గట్టిగా పట్టొద్దు అని చెప్పాడు. మంచికే చెప్పాడు. మంచివాడే మరి.

తవిటయ్య మొదటిసారి కూతకి వెళ్ళాడు, తాకి వచ్చేశాడు. జనం ఈలలు వేశారు. రెండోసారి వెళ్ళాడు, నడుం పట్టుకున్నారు, చేతులు జారాయి, వచ్చేశాడు. జనం ఎగిరారు. మూడోసారి వెళ్ళాడు. జగ్గునాయుడే చీలమండ పట్టుకున్నాడు. ఎద్దుని నిలేసే ఆ చెయ్యి వదిలేసింది.

అసిరమ్మ పక్కనున్న ఆడవాళ్ళని పిలిచింది. "నా మంచం గోడవైపు తిప్పండమ్మా," అంది.

తిప్పారు. ఆట ఆగిపోయింది. తవిటయ్య పరిగెత్తుకొచ్చాడు. నొప్పొస్తోందా పెద్దమ్మా అన్నాడు.

"నొప్పి నాకు అలవాటేరా. ఉప్పు మోసుకు బతికిన బతుకులో నేను కళ్ళారా చూసుకున్నది ఈ ఆటొక్కటే. పోయేముందు దాన్ని కూడా దొంగాట చేసి చూపిస్తారా?"

జగ్గునాయుడి తల వాలిపోయింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నీ మీద జాలితోనే చేశానమ్మా అన్నాడు.

"జాలిపడేవాళ్ళు ఊరినిండా ఉన్నారు నాయనా. నాకు ఆట చూపించేవాళ్ళు మీరే కదా," అంది అసిరమ్మ.

ఆ మాటకి అంత మనిషీ కళ్ళు తుడుచుకున్నాడు. ఇటు చూడమ్మా, మొదట్నించి ఆడతాం అన్నాడు. మంచం మళ్ళీ ఇటు తిప్పారు.

అప్పుడు ఆడారండీ. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, పెదాలు పగిలాయి, మోసుకొచ్చిన ఇసుకంతా లేచిపోయి అడుగున మట్టి బయటపడింది. అసిరమ్మ మోచేతి మీద లేచింది. ఎక్కడ దాచుకుందో ఆ గొంతు, "కూత వదలకురా!" అని ఒక్క అరుపు అరిచింది. పొద్దు వాలే వేళకి ఇవతలి జట్టులో తవిటయ్య ఒక్కడే మిగిలాడు. ఆఖరి కూతకి వెళ్ళాడు. జగ్గునాయుడు పట్టాడు. ఈసారి వదల్లేదు. తవిటయ్య ఆ గాదెంత మనిషిని ఈడ్చుకుంటూ, కూత వదలకుండా, గీత దాకా పాకాడు. చెయ్యి చాపాడు. గీతకి జానెడు దూరంలో ఊపిరి అయిపోయింది.

ఇవతలి ఊరు ఓడింది. అందరూ మంచం వైపే చూశారు.

అసిరమ్మ నవ్వుతోంది. ఇద్దర్నీ దగ్గరికి పిలిచింది. జగ్గునాయుడి మొహాన చెమట తన కొంగుతో తుడిచింది. తవిటయ్యని తిట్టింది. వాడు ఏడుస్తూ, నవ్వుతూ, ఆ తిట్లన్నీ తిన్నాడు.

ఆ వారం దాటకుండానే అసిరమ్మ పోయింది. పాడెకి ముందు ఇద్దరు ఇవతలి ఆటగాళ్ళు, వెనక ఇద్దరు అవతలి ఆటగాళ్ళు. తవిటయ్య నిప్పు పెట్టాడు. పోయినవాళ్ళ మంచం ఇంట్లో ఉంచకూడదు, పారెయ్యమన్నారు పెద్దలు. ఆటగాళ్ళు పారెయ్యలేదు. మరుసటేడు దాన్ని మోసుకెళ్ళి నడి ఇసుకలో బరి పక్కన వేశారు.

ఇప్పటికీ వేస్తారు. ఆ మంచం ఏనాడో పుచ్చిపోయింది, మరొకటి వేస్తారు. దాని మీద ఎవరూ కూర్చోరు. ఎవడైనా ఒళ్ళు దాచుకుని ఆడినా, జాలికో భయానికో పట్టు సడలించినా, జనం అరవరు. ఇద్దరు ఆడవాళ్ళు లేచి, ఒక్క మాట లేకుండా, మంచం అటు తిప్పేస్తారు. ఓటమికి వెరవని మొనగాళ్ళు దానికి గజగజలాడతారు. ఆ తప్పు చేసినవాడు వెళ్ళి ఆ ఖాళీ మంచం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఇటు చూడమ్మా, మొదట్నించి ఆడతాం" అనాలి. అన్నాకనే మంచం ఇటు తిప్పుతారు.