పడమటి హద్దు నీళ్ళు

ఈ సంగతి కొంత మా ఆయన చెప్పగా విన్నాను, కొంత దర్జీ ఓబులేసు నోటనే విన్నాను. ఏది ముందో ఏది వెనకో తారుమారు చేస్తానేమో. గుర్తున్నప్పుడే మా అమ్మాయి కోసం రాసి పెట్టడం మేలనిపించింది.

ఓబులేసు గుత్తిలో బడిపిల్లల బట్టలు కుట్టేవాడు. పన్నెండేళ్ళు కుట్టి కొంత సొమ్ము వెనకేశాడు. దానితో ఒక ప్లాటు కొని, ధర పెరిగాక అమ్మి, వచ్చినదానితో రెండు కొనాలని అతని ఆశ. చూపు మందగించకముందే కుట్టుమిషను పని మానాలనుకున్నాడు. ఆ సొమ్ము పోతే మళ్ళీ కూడబెట్టే వయసు కాదు.

అడగనివాళ్ళు కూడా సలహా చెప్పారు. బావమరిది బైపాసు పక్కనే కొనమన్నాడు. ప్లాట్ల వ్యాపారం గురించి హోటల్లో ఒక పూట క్లాసు పెట్టిన టై కట్టుకున్న మనిషి, ఎక్కడైనా సరే ముందు కొనెయ్యమన్నాడు. ప్లాట్లు అమ్మించే బ్రోకరు రోజూ దుకాణం ముందు బండి ఆపేవాడు.

"ఇట్లనే ఆలోచించుకుంటా కూర్చో అన్నా, నీ మనవళ్ళ నిక్కర్లు కూడా నువ్వే కుడుదువు గాని" అనేవాడు.

ఆ మాట గుచ్చుకుంది. ఊరవతల కొత్తగా ప్లాట్లు వేసిన వెంచరులో ఒక ప్లాటు ఖాయం చేసుకున్నాడు. మర్నాడు బయానా ఇవ్వాలి.

రైలు కట్ట పక్కన ఒక చిన్న దర్గా ఉండేది. నేల కొనేముందు కాగితాలు అక్కడి సమాధి మీద పెట్టి ఫాతెహా చదివించుకోవడం ఆ చుట్టుపక్కల అందరికీ వాడుక. దర్గాను చూసుకునేది హుసేన్ పీరా సాహెబు. వయసులో ఉన్నప్పుడు సర్వేవాళ్ళ వెంట కొలతగొలుసు మోసిన మనిషి. ఓబులేసుకు ఆయనే గురువు. ప్రతి గురువారం వెళ్ళి కాసేపు ఆయన దగ్గర కూర్చుని వచ్చేవాడు.

ఆ రోజు కాగితాలు తీసుకుని వెళ్ళాడు.

"తాతా, ముగ్గురు మూడు మాటలు చెప్తున్నారు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియడం లేదు. మీరే ఒక మాట చెప్పి, ఇవి పైన పెట్టండి."

సాహెబు కాగితాలు అందుకున్నాడు గాని సమాధి మీద పెట్టలేదు. హద్దులు రాసిన చోట వేలు పెట్టి పైకి చదివాడు. తూర్పు, వెంచరు రోడ్డు. ఉత్తరం, పద్దెనిమిదో ప్లాటు. దక్షిణం, వాగు వంక. పడమర, లక్ష్మక్క ఇల్లు.

"లక్ష్మక్కను చూసినావా?"

"అమ్మేది ఆమె కాదు కదా తాతా."

సాహెబు లేచి వెళ్ళి ఒక ఇత్తడి చెంబు తెచ్చి ఓబులేసు చేతికిచ్చాడు.

"దాహమవుతోంది. ఆ ఇంట్లో నీళ్ళు అడిగి తెచ్చిపెట్టు."

"ఇక్కడ కుండ నిండా ఉన్నాయి కదా!"

"ఉన్నాయి."

ఎర్రటి ఎండలో మోపెడ్ మీద బయలుదేరాడు. "ముసలాయనకు చాదస్తం ఎక్కువైందనుకున్నానమ్మా" అని తర్వాత నాతో అన్నాడు.

వెంచరులో తెల్లరాళ్ళు, రంగు జెండాలు. పడమటి రాయి దాటితే రేకుల ఇల్లు. గడపలో ఒక పెద్దామె వేరుశనక్కాయలు ఒలుస్తోంది. చెంబు చూసి లోపలికి వెళ్ళి నింపుకొచ్చింది. అతనికి వేరేగా ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చింది.

"ముందు నువ్వు తాగప్పా. మొహం వాడిపోయింది. ఏ పని మీద వచ్చినావు?"

చెప్పాడు. ఆమె చేతిలో కాయ ఒలవకుండా అట్లాగే పట్టుకుంది.

"ఆ రాళ్ళు నాటిన నేల మా ఆయనది, మా మరిదిది. అన్నదమ్ములు పంచుకోనే లేదు. మా ఆయన పోయినాక మరిది ఒక్కడే సంతకం పెట్టి అమ్మినాడంట. నన్నెవరూ అడగలేదు."

"మరి కొనేవాళ్ళకు చెప్పలేదా అక్కా?"

"ఎవరికి చెప్పేది? కార్లలో వస్తారు, రాళ్ళు లెక్కపెట్టుకుంటారు, పోతారు. ఈ గడపకు వచ్చి నీళ్ళు అడిగింది నువ్వొక్కడివే."

ఓబులేసు గ్లాసు కింద పెట్టాడు. నిండిన చెంబు చేతిలోకి తీసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు మోపెడ్ ఎక్కలేదు. చెంబు తొణక్కుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో బండి నడిపించుకుంటూ వచ్చాడు. దారిలో బ్రోకరు ఫోను రెండుసార్లు మోగింది. తీయలేదు.

సాహెబు చెంబు ఎత్తి, బిస్మిల్లా అని, నీళ్ళన్నీ తాగాడు. కాగితాలు మడిచి ఓబులేసు చేతిలో పెట్టాడు.

ఓబులేసు వాటిని జేబులో పెట్టుకున్నాడు.

"ఇది కొనను. ఇంకో నేల చూస్తే నాకు దారి చెప్పేది ఎవరు తాతా?"

సాహెబు ఖాళీ చెంబు పైపంచెతో తుడిచి అతని ముందుకు జరిపాడు.

"ఇది నీ దగ్గరే ఉంచుకో. నువ్వు నేల చూసినప్పుడల్లా నాకు దాహమవుతుంది."

అమ్మాయ్ శకుంతలా, ఆయన పేరు హుసేన్ పీరాయేనా, ఇంకొకటా, మీ నాన్ననడిగి సరిచూడు. ఆ పెద్దామె లక్ష్మక్కో రామక్కో అది కూడా అడుగు. చెంబు మాత్రం ఇత్తడిదే. ఓబులేసు కుట్టుమిషను పక్కన నేను చాలాసార్లు చూశాను.