తాడు లాగని మస్తానయ్య

నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తాడు లాగనివాడు మస్తానయ్య. అట్లాంటివాణ్ణి పక్కన పెట్టి, రోజుకి మూడుసార్లు తాడు లాగే చెంగాళమ్మని ఫ్యాక్టరీలో లీడరు చేశారు. అది వాడికి మింగుడు పడలేదు.

ఆదివారం పొద్దున్నే రాజీనామా కాయితం రాసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకుని, నాయుడుపేటలో బస్సెక్కి వెంకటగిరి వచ్చాడు. సోమవారం ఆరింటి షిఫ్టుకి పోయి ఆ కాయితం మేనేజరు చేతిలో పెట్టేద్దామని వాడి ఉద్దేశం. అయితే దానికి ముందు పెంచలయ్య నోటినుంచి ఒక్క మాట రావాలి. "రారా, మగ్గం ఖాళీగానే ఉంది" అనాలి. ఆ మాట రాకుండా ఉద్యోగం వదిలితే, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని రోడ్డున పడటమే.

పెంచలయ్య వాడికి నేత నేర్పిన గురువు. వెంకటగిరి చీరమీద జరీ బుటా తియ్యడంలో ఆయన చెయ్యి ఆయనదే. ఆ చేతికి పనితనం ఎంతో, ఆ మనసుకి పంతం అంత. పదిహేడేళ్ల కిందట చేనేత సొసైటీ గుమాస్తా ఒకడు ఆయన చీర అంచు చూసి పెదవి విరిచాడు. ఆనాటినుంచి పెంచలయ్య ఆ సొసైటీ వీధిలో అడుగు పెట్టలేదు. గుమాస్తా పోయాక కూడా పెట్టలేదు. మస్తానయ్య మగ్గం దిగి కార్ల ఫ్యాక్టరీకి పోయిన రోజు వాడితోనూ మాటలు తెగిపోయాయి.

అందుకని వాడు గడపలో నిలబడి "అయ్యా" అన్నప్పుడు ఆయన తలెత్తలేదు. పోగుల మధ్య నాడె అటూ ఇటూ పరిగెడుతూనే ఉంది. రెండోసారి పిలిచాడు. మూడోసారి కూడా పిలిచాడు. అరచెయ్యి వెడల్పు బట్ట దిగాక, వెనక్కి తిరక్కుండానే అడిగాడాయన.

"ఎవురు? కిరాయిమామ మనిషా?"

ఆ కంపెనీ పేరు కిరియామా. జపానువాళ్లది. ఆ పేరుకి నోరు తిరక్క వీధిలో ముసలాళ్లంతా కిరాయిమామ అంటారు. పెంచలయ్యకి నోరు తిరుగుతుంది. కావాలనే తిప్పడు.

మస్తానయ్య లోపలికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తన గోడు చెప్పుకున్నాడు. ఎంత అణిగిమణిగి చెబుదామనుకున్నా కంపెనీ పేరు వచ్చేసరికి గొంతు కాస్త పైకి లేచింది. లేస్తుంది మరి. ఆ బండికి మనవైపు ఉన్న పేరు అట్లాంటిది. తిరపతి కొండకి యాత్రికుల్ని తిప్పే డ్రైవర్లని అడిగితే, "ఆయిలు మార్చు, ఎక్కి కూర్చో, పో" అంటారు, అంతకు మించి చెప్పరు. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిని అమ్మేవాడు కూడా బేరం దగ్గర బెట్టు చేస్తాడు. పెళ్లిచూపులకి ఆ బండి అరువు తెచ్చుకుని దిగేవాళ్లు ఉన్నారు. కంపెనీ చొక్కా వేసుకుని బస్సెక్కితే పక్కవాడు జరిగి చోటిచ్చి, "నిజంగానే అంత గట్టి బండా అబ్బయా" అని అడుగుతాడు. అడిగినవాడికల్లా, నా చేతిమీద పోయిన బండి ఏదీ ఇంతవరకు ఆగలేదని చెప్పుకునేవాడు మస్తానయ్య.

ఇప్పుడు ఆ చొక్కా విప్పేస్తానని, మళ్లీ మగ్గం ఇప్పించమని అడిగాడు. జేబులోంచి కాయితం తీసి ముందు పెట్టాడు.

పెంచలయ్యకి సంతకం పెట్టేంత చదువే. కాయితంవైపు చూడనైనా చూడలేదు. చదవమని గడ్డంతో సైగ చేశాడు.

మస్తానయ్య గొంతు సవరించుకుని చదివాడు. "గత నాలుగు సంవత్సరములలో నేను ఒక్క పర్యాయమైనను తాడు లాగియుండలేదు. అట్టి నన్ను కాదని..."

నాడె ఆగింది.

"ఏం తాడబ్బయా?"

మస్తానయ్య చెప్పాడు. ఫ్యాక్టరీలో బండ్లు వరసగా మెల్లగా కదులుతూ పోతుంటాయి. అడుగడుక్కీ ఒక మనిషి, ఒక పని. ఒకడు సీటు పెడతాడు, ఒకడు డోరు బిగిస్తాడు. ప్రతివాడి నెత్తిమీదా తాడు వేలాడుతుంటుంది. ఏదన్నా తేడా కనిపిస్తే లాగాలి. లాగితే పాట మోగుతుంది, వరస మొత్తం ఆగిపోతుంది. రెండు వందలమంది చేతులు కట్టుకుని నిలబడాలి.

"లాగినోణ్ణి తిట్టరూ?"

"తిట్టరయ్యా. లీడరొచ్చి థాంక్స్ చెప్పి, ఏమైందని అడుగుతాడు."

పెంచలయ్య మొహంలో నమ్మకం కనపడలేదు. మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని, ఇటు తిరిగి కూర్చున్నాడు. ఈ పద్ధతి పెట్టింది ఎవరని ఆరా తీశాడు. నాలుగేళ్లుగా మాట్లాడని మనిషి తనవైపు తిరిగి కూర్చున్నాడని మస్తానయ్యకి హుషారొచ్చింది. చేరిన మొదటిరోజు క్లాసులో చెప్పిన కథంతా అప్పజెప్పాడు.

కిరియామా వాళ్లు మొదట కార్లు చేసినవాళ్లు కాదు. మగ్గాలు చేసేవాళ్లు. నూరేళ్ల కిందట, ఆ ఇంటి పెద్దాయన పోగు తెగితే తనంతట తనే ఆగిపోయే మగ్గం ఒకటి చేశాడు. దాంతో పేరొచ్చింది. ఆ పేరు పెట్టుబడిగా పెట్టుకుని కొడుకు మోటార్లవైపు పోయాడు. మొదట్లో ఆయన బండ్లు దారిలోనే ఆగిపోయేవి, జనం నవ్వేవాళ్లు. ఎక్కడ బండి ఆగిందని తెలిసినా కొడుకు సైకిలేసుకుని అక్కడికే పోయి, బండాయనకి వంగి దండం పెట్టి, ఏది విరిగిందో ఏది తెగిందో పుస్తకంలో రాసుకొచ్చేవాడట. అట్లా రాసి రాసి ఇరవయ్యేళ్లకి నవ్వినవాళ్లే కొనడం మొదలుపెట్టారు. తర్వాత ఓడలెక్కి దేశాలు దాటింది ఆ పేరు.

కార్ల సంగతి పెంచలయ్య చెవికి ఎక్కినట్టు లేదు. ఆయన ఇంకా ఆ మగ్గం దగ్గరే ఉండిపోయాడు.

"పోగు తెగిందని మగ్గానికి ఎట్లా తెలిసింది?"

"అది చెప్పలేదయ్యా."

"నువ్వడగలా?"

"మేం చేసేది కార్లు కదయ్యా."

"మగ్గం దిగి పోయినోడివి," అన్నాడు పెంచలయ్య, "నువ్వే అడగలా."

ఆయన వెనక్కి తిరిగాడు. మగ్గం మీద సగం నేసిన చీరని, దాని వెనక బిగదీసి ఉన్న పడుగు పోగుల్ని చూస్తూ ఉండిపోయాడు. ఒకసారి వంగి పోగుల కింద చూశాడు. వేలితో ఒక పోగుని మీటి చూశాడు. తనలో తనే ఏదో గొణుక్కున్నాడు. మస్తానయ్య కాయితం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మగ్గం ఇస్తాడా ఇవ్వడా అన్నది తేలలేదు. ఈయనేమో ఎప్పుడో చచ్చిపోయిన జపాను ముసలాయనతో పోటీకి దిగినట్టున్నాడు.

కాసేపటికి పెంచలయ్య భార్యని కేకేసి, రెండు పిన్నీసులూ ఒక స్టీలు కంచమూ తెమ్మన్నాడు. ఆదెమ్మ తన గాజులకి తగిలించుకున్న పిన్నీసులు రెండు తీసిచ్చింది. "వంకర చెయ్యబాకండి, నాకు ఇయ్యే ఉండాయి" అని, మస్తానయ్యని ఎప్పుడొచ్చావని పలకరించి, మజ్జిగ తెస్తానని లోపలికి పోయింది.

పెంచలయ్య మగ్గం వెనక్కి పోయి, పడుగు కింద నేలమీద కంచం పెట్టాడు. ఒక పిన్నీసు తెరిచి ఒకే ఒక పోగుకి తగిలించి మూశాడు. అది పోగుమీద ఊగుతూ వేలాడింది. తర్వాత ఆ పోగుని బొటనవేలి గోటితో పుటుక్కున తెంచాడు.

కంచం ఠంగుమంది.

మస్తానయ్య లేచి మగ్గం దగ్గరికి వచ్చాడు. పన్నెండేళ్లు ఆ ఇంట్లో నేశాడు వాడు. తెగిన పోగు ఒక్కటి చూసుకోకుండా నేశాడని ఈయనే ఒకసారి మూరెడు బట్ట విప్పించి, మళ్లీ నేయించి, ఆ వారమంతా వాడి మొహం చూడలేదు. అట్లాంటి చేత్తో తన పడుగుని తనే తెంచుకున్నాడు.

పెంచలయ్య మాత్రం కంచంలో పిన్నీసుని చూసి మురిసిపోతున్నాడు. "ఇదబ్బయా! ప్రతి పోగుకీ ఒక ఇనపముక్క తగిలించుంటాడు. తెగితే పడతాది. పడి దేన్నో తంతాది, మగ్గం ఆగుతాది. గట్టోడే మీ ముసలాయన."

ఆయన నోటివెంట ఇంకొకడి పనితనానికి మెప్పు రావడం మస్తానయ్య అదే మొదటిసారి వినడం.

అంతటితో అయిపోలేదు. పెంచలయ్య రెండో పిన్నీసు తీసుకున్నాడు. ఈసారి పక్కపక్కనే ఉన్న రెండు పోగుల్ని కలిపి దానిలో పెట్టి మూశాడు. రెండిట్లో ఒకదాన్ని తెంచాడు.

కంచం పలకలేదు. పోగు రెండు కొసలూ చెరోవైపు ముడుచుకున్నాయి. పిన్నీసు రెండోపోగుని పట్టుకుని వేలాడుతూనే ఉంది.

పెంచలయ్య చేతులు వెనక కట్టుకుని, పెళ్లికొడుకుని చూసినట్టు దాన్ని చూశాడు. "ఇది మేలైన పిన్నీసు. పోగు తెగినా పడదు."

మస్తానయ్య ఉండబట్టలేకపోయాడు. ఎంతైనా నేత నేర్చిన ప్రాణం. "అదేం మేలయ్యా? పడకపోతే అది ఉండి ఎందుకు? పక్క పోగుని పట్టుకుని ఏలాడతా ఉండాది. ఈడ తెగిందని ఎవురికీ తెలియదు, బట్టంతా తప్పు నేత..."

అక్కడితో మాట ఆగిపోయింది.

పెంచలయ్య వంగి నేలమీది కంచం తీసి పక్కన పెట్టాడు. వాడివైపు చూడలేదు. ఆదెమ్మ మజ్జిగ తెచ్చి పెట్టి పోయింది. మజ్జిగ అట్లాగే ఉంది.

మస్తానయ్య, ఎవరూ అడక్కుండానే, నేలవైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. పోయిన శ్రావణమాసంలో ఒక తెల్లబండి వచ్చింది. కుడివైపు ముందు డోరు తనే బిగిస్తున్నాడు. నాలుగు బోల్టుల్లో ఒకటి సగంలో పట్టేసింది. చెయ్యి తాడుదాకా లేచింది. లాగితే, మస్తానయ్య కూడా లాగాడంటారు. మూడేళ్లు దాటిన పేరు. పక్కవాడు చూసుకుంటాడులే అని చెయ్యి దించేశాడు. బండి ముందుకి కదిలిపోయింది.

"పక్కోడు చూసినాడా?"

"లేదయ్యా. ఆ పక్కోడూ చూళ్లేదు."

"మరి?"

"దాని తర్వాత చెంగాళమ్మ. ఆ పిల్ల చూసింది. లాగింది."

"నీ పేరు చెప్పిందా?"

మస్తానయ్య తల అడ్డంగా ఊపాడు. "బోల్టు పట్టేసింది అని చెప్పింది. ఎవురు బిగించారో చెప్పలేదు. ఎవురూ అడగనూ లేదు." చేతిలో కాయితాన్ని ఇంకో మడత పెట్టాడు. "ఆ రోజు నుంచి నేనే ఆ పిల్లతో మాట్లాడలేదు."

పెంచలయ్య మగ్గం దగ్గరినుంచి పక్కకి జరిగి, వాడికి చోటు చూపించాడు.

"తెంచిన రెండు పోగులూ అతుకు."

మస్తానయ్య చేతులు తొడకి తుడుచుకుని కూర్చున్నాడు. నాలుగేళ్లు బోల్టులు తిప్పిన వేళ్లు మొదట మొరాయించాయి. కొస దొరకలేదు. దొరికింది జారిపోయింది. రెండో పోగు దగ్గరికి వచ్చేసరికి పాత నడక వచ్చేసింది. అతికి, కొస తుంచి, చెయ్యి తీశాడు. పెంచలయ్య కళ్లు మూసుకుని పడుగుమీద అరచెయ్యి పోనిచ్చాడు. అతుకు ఎక్కడుందో వేళ్లతో వెతికి, దొరకలేదన్నట్టు పెదవి విరిచాడు. ఆయన దగ్గర అదే శభాష్.

మస్తానయ్య ఆశగా చూశాడు. మగ్గం సంగతి ఏమంటారని అడగబోయాడు.

"సోమవారం ఎన్నింటికి షిఫ్టు?" అన్నాడు పెంచలయ్య.

"ఆరింటికయ్యా."

"సాయంత్రం నాలుగున్నరకి బస్సుంది. మజ్జిగ తాగి బయల్దేరు." ఆయన మళ్లీ గుంటలోకి కాళ్లు దించి, నాడె చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నవాడు వెంటనే వెయ్యలేదు. "ఆ చెంగాళమ్మని నా మాటగా ఒకటి అడుగు. మొట్టమొదటిసారి తాడు లాగినప్పుడు చెయ్యి వణికిందా అని. వచ్చే ఆదివారం వచ్చి చెప్పు. నాకు తెలుసుకోవాలని ఉండాది."